హారన్ వెనక నీలం గ్రీజు

ఖాజాగూడ చెరువు దాటి గుట్ట వైపు తిరిగితే మూడో సందులో కనకమ్మ మేడ ఉంది. ఆ మేడ కింది వాటాలో నతానియేల్, ప్రవళిక అనే ఆలుమగలూ, వాళ్ల నల్ల బుల్లెట్టు బండీ కిరాయికి ఉంటున్నారు. బండి నడిపేది నతానియేల్, కడిగేది ప్రవళిక. మొదట్లో ఈ పని పంపకం చూసి సందులో అందరూ ముసిముసిగా నవ్వుకున్నారు. మొగుడేమో గుమ్మంలో కూర్చుని ఉల్లిపాయలు తరగడం, పెళ్లామేమో చున్నీ నడుముకు బిగించి సైలెన్సరు తోమడం, ఇదేం చోద్యమని. నతానియేల్ వండిన కోడికూర వాసన మేడ మీదికి పాకాక, ప్రవళిక కడిగిన బండి టాంకులో తమ మొహాలు తమకు కనబడ్డాక, ఎవరికొచ్చిన పని వాళ్లు చేసుకుంటున్నారులే అని సందు సర్దుకుంది.

నతానియేల్‌ది తెనాలి దగ్గర పల్లె. మాదాపూర్‌లో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టరు. ప్రవళికది జనగామ. అదే కంపెనీలో హెల్ప్ డెస్కులో పనిచేసేది. ఒక వానాకాలం సాయంత్రం ఆఫీసు సెల్లారులో అతని బండి మొరాయిస్తే, అటుగా పోతున్న ఈ పిల్ల ఆగి, ప్లగ్గు విప్పించి, తన జడపిన్నుతో గీకి, మళ్లీ బిగించి ఒక్క కిక్కుకు స్టార్టు చేసి ఇచ్చింది. చేతులు తుడుచుకోవడానికి రుమాలు అడిగింది. ఆ మసి రుమాలు నతానియేల్ ఇప్పటికీ ఉతకకుండా దాచుకున్నాడు. ప్రేమ అంటే ఏమిటో ఎవరికి వాళ్లకే తెలియాలి.

ప్రవళికకు బండి కడగడంలో ఒక వరస ఉంది. ముందు ఇంజను చల్లారాలి. అరచెయ్యి ఆనించి, వేడి లేదనుకున్నాకే నీళ్లు. సైలెన్సరు మూతికి పాలిథిన్ కవరు కట్టాలి. మట్టిని నీళ్లతో నానబెట్టాలే తప్ప పొడిగుడ్డతో రుద్దకూడదు, రుద్దితే ఆ మట్టే రంగును గీరేస్తుంది. పైనుంచి కిందికి రావాలి. టాంకు తుడిచిన గుడ్డ చక్రాలను ముట్టకూడదు. చువ్వలకు పాత టూత్ బ్రష్షు, చైనుకు డీజిలు. అంతా నీడలో ఆరాక పాత బనీను గుడ్డతో పాలిషు. బ్రేకు డిస్కుకు గానీ టైరుకు గానీ పాలిషు తగిలిందో, మెరుపు సంగతి దేవుడెరుగు, మనిషే జారిపోతాడు. ఇవన్నీ ఆమె ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నవి కావు. జనగామ బస్టాండు వెనక, తండ్రి రాములు మోటారు సైకిళ్ల షెడ్డులో, ఆరేళ్ల వయసునుంచి మగ్గు పట్టుకుని నేర్చుకున్నవి.

ఆ ఆదివారం చర్చినుంచి వచ్చి, పాత చుడీదారు వేసుకుని, బకెట్టు పట్టుకుని బయటికి వచ్చింది. మేడ మీదనుంచి కనకమ్మ తొంగిచూసింది.

“ఏం పిల్లా, నీ మొగడు నిన్ననే సర్వీసుకు ఇచ్చుకొచ్చిండు గద. మళ్ల ఏం కడుగుతవ్?”

“సర్వీసోళ్లు పైపైన కడుగుతరు పెద్దమ్మా. మూలలల్ల మురికి అట్లనే ఉంటది.”

“ఒక్క బకెట్‌తోని ఒడగొట్టు. మోటరు బంద్ జేసిన.”

ప్రవళిక టాంకు మీద ఒక మగ్గు పోసింది. నీళ్లు ఆగకుండా ముత్యాల్లా దొర్లిపోయాయి. అంటే ఎవరో చక్కగా పాలిషు పట్టారు. ఆశ్చర్యంగానే, చువ్వల దగ్గరికి వంగి చూసింది. ప్రతి చువ్వా మొదలంటా శుభ్రంగా ఉంది. సర్వీసు సెంటర్లలో నీళ్ల పైపు పెట్టి బరబరా కొడతారు, ఆరాక చువ్వల మొదళ్లలో తెల్లగా నురగ చారలు మిగులుతాయి. అవేమీ లేవు. చైను చూసింది. ఆయిలు లోపలి వైపు మాత్రమే పట్టించి, బయటి వైపు పొడిగా తుడిచారు. బయట ఆయిలుంటే దుమ్ము పడుతుందని తెలిసిన చెయ్యి అది.

హెడ్‌లైటు చుట్టూ ఉన్న మెరుపు రింగు దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. రింగును బిగించిన మర తల గాడిలో సన్నగా తెల్లటి పొడి ఇరుక్కుని ఉంది. గోటితో తీసి వాసన చూసింది. లవంగం, కర్పూరం కలిసిన వాసన. పళ్లపొడి.

పళ్లపొడితో బండి తోమే మనిషిని ఆమె జీవితంలో ఒక్కణ్నే చూసింది. లోకం పెద్దది, ఇంకా ఎంతమంది తోముతారో అని సర్ది చెప్పుకుంది. కానీ చేతులు ఆ మాట వినలేదు. మగ్గు కింద పెట్టి మోకాళ్ల మీద కూర్చుని, ముందు చక్రం పక్కనుంచి చెయ్యి పోనిచ్చి, హారన్ వెనక వేలు పెట్టింది. వేలికి మెత్తగా తగిలింది. బయటికి తీసి చూస్తే వేలి కొసన నీలం రంగు. తల వంచి, ఫోను లైటు వేసి చూసింది. హారన్ వీపు మీద, శనగగింజంత నీలం గ్రీజు, ఎవరో కావాలని పెట్టినట్టు గుండ్రంగా ఉంది.

ప్రవళిక తడి నేల మీద అలాగే చతికిలబడింది. భయమో సంతోషమో ఆమెకే తెలియలేదు.

ఆ గ్రీజు సంగతి చెప్పాలంటే జనగామ షెడ్డు సంగతి చెప్పాలి. రాములు పద్ధతి ఏమిటంటే, రిపేరుకు వచ్చిన బండిని కడగకుండా తిరిగి ఇవ్వడు. మొహం కడగని పిల్లను బడికి ఎట్ల పంపుతం, అనేవాడు. కడగడం కూతురి వంతు. కడిగే ముందు ఆయన శనగగింజంత నీలం గ్రీజు తీసి, ఆ బండిలో కంటికి ఆనని చోట ఎక్కడో పెట్టేవాడు. హారన్ వెనక, నంబరు ప్లేటు వీపున, సైడు స్టాండు మోచేతి దగ్గర, సీటు కింద, కాలు పెట్టే రబ్బరు అడుగున. పిల్ల బండినంతా మనసు పెట్టి కడిగితే అది దొరుకుతుంది. పైపైన కడిగితే దొరకదు. “వెనక ఎవడు జూస్తడు అనుకుంటరు అందరు. బండి జూస్తది బిడ్డా” అనేది ఆయన మాట. గ్రీజు దొరికితే తుడిచేసి, ఆ చోట తన నుదుటి స్టిక్కరు బొట్టు తీసి అంటించేది ప్రవళిక. రాములు వచ్చి, అన్ని మూలలూ వెతికి, బొట్టు కనబడగానే దాన్ని ఒలిచి మళ్లీ కూతురి నుదుటి మీద పెట్టేవాడు. ఆయన వేలికి ఎప్పుడూ గ్రీజే కాబట్టి, బడికి పోయే పిల్ల నుదుటి మీద బొట్టు చుట్టూ నీలం మరక ఉండేది. టీచరు అడిగితే మా నాయిన పెట్టిండు అని గొప్పగా చెప్పేది. ఆ ఆటలో ఆమె ఒకే ఒక్కసారి, పన్నెండో ఏట, ఓడిపోయింది. ఆ రోజు బండి రెండుసార్లు కడిగి, ఏడ్చి, అన్నం తినకుండా పడుకుంది.

తల్లి ప్రవళిక డిగ్రీలో ఉండగా పోయింది. ఆ తర్వాత తండ్రీ కూతుళ్లే. మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చాక హాస్టల్లో ఉంటూ, నతానియేల్‌తో చర్చికి పోతూ, ఏడాది గడిచేసరికి ఆమెకు ఆ నమ్మకం మనసుకు పట్టింది. అతను అడగలేదు. తనే బాప్తిస్మం తీసుకుంది. తండ్రికి ఫోన్లో చెప్పడం మర్యాద కాదని జనగామ బస్సెక్కి వెళ్లింది. రాములు కూతురి బోసి నుదురు చూశాడు. ఒక్క మాట అనలేదు. పానా పట్టుకుని బండి కిందికి వంగినవాడు, ఆమె ఎదురుచూసి చూసి తిరుగు బస్సుకు వెళ్లేదాకా తల ఎత్తలేదు. తిట్టినా బాగుండేది. పెళ్లికి రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. రెండేళ్లకు ఆ నంబరే పనిచేయడం మానేసింది. కంగారుగా జనగామ పోయి చూస్తే షెడ్డు షట్టరుకు తాళం. ఎటు పోయాడో పక్క షాపువాళ్లకూ తెలియదు. అలా మొత్తం నాలుగేళ్లు.

ఇప్పుడు ఈ గ్రీజు. పొరపాటున అంటిన మరకా, పెట్టిన గుర్తా? పెట్టిందే అయితే, నాయిన బతికే ఉన్నాడు, ఈ దగ్గర్లోనే ఉన్నాడు, ఈ బండి తను కడుగుతానని ఆయనకు తెలుసు. బండి మీటరు చూసింది. కిందటి ఆదివారం కడిగినప్పటి అంకె ఆమెకు గుర్తుంది. వారంలో ఆఫీసుకూ చర్చికీ పోయివచ్చిన దూరం తీసేస్తే మిగిలింది అయిదు కిలోమీటర్లకు లోపే. బండిని ఎప్పుడూ ఇచ్చే గచ్చిబౌలి సర్వీసు సెంటరుకు పోయిరావడానికి కూడా ఆ దూరం చాలదు.

గ్రీజును ముట్టుకోకుండా, చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళ్లింది. నతానియేల్ మసాలా వేయిస్తున్నాడు.

“నిన్న బండి యాడ ఇచ్చినవ్ సర్వీసుకు?”

“అదేనండి, గచ్చిబౌలి సెంటర్లో” అన్నాడు. కంగారు పడితే అతనికి పెళ్లాం మీద కూడా ‘అండి’ వచ్చేస్తుంది.

“సెంటరోళ్లు పళ్లపొడితోని తోముతున్నరా ఈమధ్య?”

గరిటె ఆగింది. నతానియేల్ పొయ్యి కట్టేసి ఇటు తిరిగాడు. దొరికిపోయిన దొంగ మొహం.

“మూడు వారాల కిందట చెరువు కట్ట మీద చైను ఊడిపోయింది. తోసుకుంటూ వస్తే గుట్ట పక్కన రేకుల షెడ్డు ఒకటి కనబడింది. లోపలికి పోతే మీ నాన్నగారు. నీ ఫోటోలో చూసిన మీసమే, కాస్త తెల్లబడింది. ఆరోగ్యంగానే ఉన్నారు, నువ్వేం భయపడకు.”

ప్రవళిక గోడకు ఆనుకుంది. “మూడు వారాలు. నాకు జెప్పాలనిపియ్యలేదా నీకు?”

“చెబితే నువ్వు ఆ నిమిషమే పరిగెడతావు. ఆయన మళ్లీ బండి కిందికి దూరి లేవకపోతే? పోయినసారి అక్కణ్నుంచి వచ్చి నువ్వు ఎన్నాళ్లు ఏడ్చావో చూసినవాణ్ని. అందుకని ముందు నేను మంచి కస్టమరు అనిపించుకుందామనుకున్నా. బాగా అలవాటయ్యాక, మెల్లగా, మీ అల్లుణ్నండి అని చెబుదామని. ముందు టెస్టింగ్, ఆ తర్వాతే రిలీజు.”

“ఆయనకు నువ్వెవరో తెల్వదా?”

“అస్సలు తెలీదు. పేరు రాజు అని చెప్పా. ఊరు విజయనగరమన్నా. టాంకు మీద సిలువ స్టిక్కరు ఉందిగా, దాని మీద నల్ల టేపు అంటించి మరీ వెళ్తున్నా, వచ్చేటప్పుడు పీకేస్తున్నా.” నతానియేల్ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. “నన్ను సారు అంటారు. ఎక్కువ మాట్లాడరు. మొదటిరోజు మాత్రం కాస్త విచిత్రంగా చేశారు.”

“ఏం జేసిండు?”

“చైను చూడండి అంటే చైను ముట్టుకోరు. ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగారు. తర్వాత హారన్ వెనక వేలు పెట్టి, ఆ వేలు చూసుకున్నారు. నంబరు ప్లేటు వెనక పెట్టారు. సీటు లేపి కింద చూశారు. ఎక్కడా మట్టి అంటలేదు. అప్పుడు అడిగారు, బండి ఎవరు కడుగుతరు సారు అని.”

“నువ్వేమన్నవ్?”

“నేనేనన్నా.”

“అప్పుడేం జేసిండు?”

“నా గోళ్లకేసి చూశారు.”

ప్రవళికకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ముందు నవ్వింది. నతానియేల్ గోళ్లు పెళ్లికూతురి గోళ్లలా ఉంటాయి, పసుపు తప్ప మరో మరక ఎరగవు. పాపం ఈ మహానుభావుడు పేరు దాచాడు, ఊరు దాచాడు, సిలువకు టేపు వేశాడు. బండిని మాత్రం ఆమె కడిగింది కడిగినట్టే తీసుకుపోయి ఆమె తండ్రి ముందు నిలబెట్టాడు. పదిహేనేళ్లు కూర్చోబెట్టి నేర్పిన చేతిపనిని ఆ మనిషి గుర్తుపట్టలేడనుకున్నాడు.

“ఇంక ఏమన్నడు?”

“ఇంత మూలన షెడ్డు పెట్టారేంటి, మెయిన్ రోడ్డు మీద పెడితే గిరాకీ ఎక్కువ కదా అన్నా. మాదాపూర్ బండ్లన్ని గీ తొవ్వనే ఇండ్లకు పోతయ్ సారు, రావాల్సిన బండి ఎన్నడో ఒకనాడు వస్తది, అన్నారు. వ్యాపారం బాగా తెలిసిన మనిషి.”

ప్రవళిక చటుక్కున సింకు వైపు తిరిగి కుళాయి విప్పింది. ఆ నీళ్ల చప్పుడులో ఆమె ఏడ్చిన సంగతి నతానియేల్‌కు తెలిసింది. దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఇప్పుడే వెళ్దామా అని అడిగాడు. ఆమె వద్దని తల ఊపింది.

గ్రీజు సంగతి అతనికి చెప్పలేదు. అది ఆమెకూ నాయినకూ మధ్యది. వెళ్దామని కాళ్లు లాగుతున్నాయి, నిజమే. కానీ ఆ రోజు వంగిన వీపు కళ్లముందునుంచి పోవడం లేదు. ఎదురుపడితే నాయిన మళ్లీ మొహం చాటేస్తాడేమో. ఈసారి అలా జరిగితే ఇక ఎప్పటికీ అంతే. ఆయన నోరు తెరిచి పిలవలేదు. హారన్ వెనక శనగగింజంత అడిగాడు. ఎక్కడ అడిగాడో అక్కడే జవాబు చెప్పాలి.

జవాబు ఏమిటో ఆమెకు తెలుసు. బొట్టు అంటించాలి. ఇంట్లో బొట్టు లేదు.

మెట్లెక్కి కనకమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. “పెద్దమ్మా, ఒక స్టిక్కరు బొట్టు ఉంటదా?”

కనకమ్మ ఆమె నుదురు చూసింది, చేతిలో తడిగుడ్డ చూసింది. అడగాల్సిన ప్రశ్నలు నోటిదాకా వచ్చినా మింగేసింది. “అద్దం మీద మస్తున్నయ్, తీస్కో బిడ్డా.” అద్దం అంచున వరసగా ఎర్రబొట్లు. ఒకటి వేలికి అంటించుకుని ప్రవళిక కిందికి దిగింది.

హారన్ దగ్గర కూర్చుంది. బొట్టున్న వేలు దగ్గరికి తీసుకుపోయింది. నాయినకు కనబడుతుంది. ఎంత సంబరపడతాడో. ఒలిచి పట్టుకుని కూతురి నుదుటి మీద పెట్టడానికి వస్తాడు. వచ్చాక? ఆ నుదురు వెనక్కి జరగాలి, లేదా అబద్ధంగా ముందుకు రావాలి. నుదుట లేనిదాన్ని హారన్ వెనక పెట్టి ఆయన్ను రప్పించుకోవడం ఆమెకు నచ్చలేదు. వెనక ఎవడు చూస్తాడని పని ఎగ్గొట్టకూడదని నేర్పిందే ఆయన. కనబడని చోటే మోసం చేస్తే ఇక నేర్చుకున్నదేమిటి?

మళ్లీ మెట్లెక్కి బొట్టును కనకమ్మ అద్దానికే అంటించి వచ్చింది. కనకమ్మ ఈసారి ఆగలేక, “ఏమైందే పిల్లా” అంది. “నాకు నప్పలే పెద్దమ్మా” అంది ప్రవళిక.

తర్వాత హారన్ వెనక్కి చెయ్యి పోనిచ్చి, తండ్రి పెట్టిన గ్రీజు మీదే తన కుడి బొటనవేలు ఆనించి గట్టిగా నొక్కింది. ఎనిమిదో ఏట చైనులో పడి ఆ వేలు అడ్డంగా చీలింది. ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తింది ఆయనే. గ్రీజులో వేలిముద్ర పడింది. గుండ్రటి గీతల మధ్య, అడ్డంగా ఒక మచ్చ. బొట్టు లేదు నాయినా, నేను మాత్రం ఉన్నాను అన్నట్టు.

ఇక ఆ వారం నతానియేల్‌కు నరకమే. నీళ్లున్న చోట బండి పోనియ్యకు అంది. అండర్‌పాస్‌లోంచి రావద్దంది. రోజూ సాయంత్రం అతను గేటు తియ్యగానే ఫోను లైటు పట్టుకుని బండి ముందు మోకరిల్లేది. శుక్రవారం మబ్బు పట్టగానే పాలిథిన్ కవరు ఒకటి తెచ్చి హారన్‌కు కట్టింది.

“హారన్‌కు టోపీ ఏంటి?” అన్నాడు నతానియేల్.

“జలుబు చేస్తదని. రేపు నాయిన దగ్గరికి పో. హారన్ బొంగురు పోయిందని చెప్పు.”

“బాగానే మోగుతోందిగా.”

“బొంగురు పోయిందని చెప్పు” అంది మళ్లీ.

శనివారం పొద్దున తొమ్మిదింటికి అతను టోపీ విప్పి వెళ్లాడు. ప్రవళిక బకెట్టు నింపి, మగ్గు, బ్రష్షు, గుడ్డలు అన్నీ గుమ్మంలో పేర్చుకుని కూర్చుంది. శనివారం కడుగుడేంది అని కనకమ్మ మేడ మీదనుంచి అడిగింది. జవాబు రాకపోయేసరికి ఆవిడ కూడా రైలింగు పట్టుకుని అక్కడే నిలబడింది. విషయం ఏమిటో తెలియకపోయినా ఏదో ఉందని ఆవిడకు అర్థమైంది.

పదకొండింటికి బండి వచ్చింది. ఇంజను చల్లారేదాకా ఆగడం ప్రవళిక వల్ల కాలేదు. కాలినా సరేనని చెయ్యి పెట్టింది. హారన్ వీపు శుభ్రంగా ఉంది. గ్రీజూ లేదు, వేలిముద్రా లేదు. తుడిచేశాడు.

అయితే చూశాడు. చూశాడు కాబట్టి ఇంకోచోట జవాబు పెట్టి ఉంటాడు. మొదటి మగ్గు పోసి, కుడిపక్క సబ్బు పట్టించి వెతకడం మొదలుపెట్టింది. నంబరు ప్లేటు వీపు, లేదు. సైడు స్టాండు మోచెయ్యి, లేదు. సీటు లేపింది, పనిముట్ల డబ్బా బోర్లించింది. కాలు పెట్టే రబ్బర్లు నాలుగూ తిప్పి చూసింది. పెట్రోలు కుళాయి కింద, చైను మూత లోపల, అద్దాల మెడల దగ్గర. ఎక్కడా ఏమీ లేదు. బండి అద్దంలా ఉంది. ఒక కస్టమరు బండిని ఎంత బాగా తుడిచి ఇవ్వాలో అంత బాగా తుడిచి ఇచ్చాడు.

చేతిలో గుడ్డ జారిపోయింది. అదొక మామూలు మరకే. హారన్ చూడమన్నారు, చూశాడు, మురికి ఉంటే తుడిచాడు. వారం రోజులు తను హారన్‌కు కాపలా కాసి, చివరికి టోపీ కూడా కట్టింది. లేదంటే వేలిముద్ర గుర్తుపట్టి, బొట్టు లేకపోవడమూ గుర్తుపట్టి, ఆ రోజులాగే మాట లేకుండా వంగి తుడిచేశాడు. ఇందులో ఏది నిజమైనా ఆమెకు ఒకటే. నురగ చేతులతోనే మొహం కప్పుకుని, ఎవరు చూస్తున్నారని చూసుకోకుండా ఏడ్చింది. నతానియేల్ కంగారుగా వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

“ఏమైందో చెప్పు. ఏం వెతుకుతున్నావో చెబితే నేనూ వెతుకుతా.”

“ఏం లేదు. రెండుసార్లు కడిగినా దొరకదు ఇగ” అంది. ఆ మాట తన చెవిన పడగానే ఏడుపు ఆగింది.

రెండుసార్లు కడిగినా దొరకని రోజు ఇంకొకటి ఉంది. పన్నెండో ఏట ఓడిపోయిన రోజు. మర్నాడు పొద్దున తల్లి జడ వేస్తూ ఉన్నట్టుండి పకపకా నవ్వింది. గ్రీజు బండి మీద ఎక్కడా లేదు, పిల్ల మెడ వెనక, జడ కింద ఉంది. ఇది తొండి అని ప్రవళిక కాళ్లు నేలకేసి కొట్టింది. రాములు మీసం దువ్వుకుంటూ అన్నాడు, “బండి మీదనే పెడ్తనని ఎవలన్నరు? మనోళ్ల మీద గూడ పెడ్త.”

ప్రవళిక మెల్లగా లేచింది. “జర అటు తిరుగు” అంది నతానియేల్‌తో.

“ఎందుకు?”

“తిరుగు.”

అతను లేచి తిరిగాడు. ఆమె తడి చేత్తో అతని కాలరు కిందికి లాగింది. మెడ వెనక, జుట్టు ఆగిపోయే చోట, శనగగింజంత నీలం గ్రీజు ఉంది. దాని నడుమ ఒక వేలిముద్ర. ఆ వేలు ఆమెది కాదు. వెడల్పుగా, మోటుగా, పానాలు పట్టి గీతలు అరిగిపోయిన ముసలి వేలు.

ఆమె వంగి ఆ చుక్కను దగ్గరగా చూసింది. ముట్టుకోలేదు.

“ఏముంది?” అన్నాడు నతానియేల్ మెడ తిప్పబోతూ.

“కదలకు. నాయిన ఇయ్యాల ఏమన్నడు?”

“హారన్ విప్పి చాలాసేపు చూశారు. తర్వాత లోపలికెళ్లి మొహం కడుక్కుని వచ్చారు. టీ తెప్పించారు, ఎప్పుడూ తెప్పించరు. వచ్చేటప్పుడు మెడ మీద చెయ్యేసి, నిమ్మళంగ పో బిడ్డా అన్నారు. సారు అనలేదు.” నతానియేల్ ఆగి ఆలోచించాడు. “నాకేదో తేడాగా అనిపించింది. ప్రవళికా, నా పేరు రాజు కాదని ఆయనకు తెలిసిపోయిందంటావా?”

“మొదటిరోజే తెల్సు.”

నతానియేల్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. నాలుగు వారాల టెస్టింగు అంతా ఆ తెరిచిన నోట్లోంచి గాల్లో కలిసిపోయింది. మేడ మీద కనకమ్మకు ఒక్క ముక్కా అర్థం కాకపోయినా, కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

ప్రవళిక చున్నీ విప్పి చేతులు తుడుచుకుంది. టాంకు మీద ఇంకా మిగిలి ఉన్న నల్ల టేపును ఒక కొసన పట్టి, లాగి పారేసింది.

“బండి తియ్యి.”

“ఇలాగేనా? కుడిపక్కంతా నురగ. సగమే కడిగావు.”

“ఉండనీ.”

“మీ నాన్నగారు ఈ బండిని ఇట్లా చూస్తే తిట్టరూ?”

ఆమె అప్పటికే వెనక సీటు ఎక్కి కూర్చుంది. మెడ మీది చుక్క చెరగకుండా, భుజం వదిలి అతని నడుం పట్టుకుంది.

“తిట్టనియ్యి” అంది. “నాలుగేండ్లయింది ఆయనతోని తిట్లు తినక.”